నిప్పు లేకుండానే పొగ!

ఫలానా కంపెనీ నిలువునా ముంచిందంటూ రోజుకో గోడు మన ఫోన్లోకి వచ్చిపడుతోంది. అందులో నిజంగా చెయ్యి కాలినవాడి కేక ఏది... తీరిగ్గా కూర్చుని అల్లిన కథ ఏది? పైకి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి. తేడా మాత్రం ఉంటుంది. ఎక్కడ వెతకాలో తెలియాలంతే!

2026 జనవరి తొలివారం. అమెరికాలో లక్షలమంది కబుర్లాడుకునే రెడిట్ వేదిక మీదికి ఓ పొడవాటి ఉత్తరంలాంటిది వచ్చింది. రాసిన వ్యక్తి పేరు చెప్పలేదు. ఓ పెద్ద ఫుడ్ డెలివరీ కంపెనీలో సాఫ్ట్‌వేర్ ఇంజినీరునని, అక్కడ జరుగుతున్నవి చూడలేక ఉద్యోగం మానేస్తున్నానని, ఎవరికీ దొరక్కుండా లైబ్రరీలో కూర్చుని అక్కడి వైఫైతో రాస్తున్నానని చెప్పుకొచ్చాడు. ఆ తర్వాత ఒక్కో గుట్టూ విప్పడం మొదలుపెట్టాడు. ఆర్డరు త్వరగా తెస్తామంటూ అదనంగా తీసుకునే రుసుము ఉత్త బూటకమట. డెలివరీ కుర్రాళ్లలో డబ్బుకి ఎవరెంత కటకటలాడుతున్నారో లెక్కగట్టి రహస్యంగా మార్కులు వేస్తారట. ఎంత తక్కువిచ్చినా కాదనకుండా వచ్చేవాడికి మంచి ఆర్డర్లు అసలు చూపించనే చూపించరట. టిప్పు బాగా ఇచ్చే ఇల్లని తెలిస్తే, కంపెనీ తన చేతి నుంచి ఇచ్చే కూలీలో ఆ మేరకు కోత పెడుతుందట!

చదివినవాళ్ల రక్తం మరిగిపోయింది. రెడిట్‌లోనే 80 వేలమందికి పైగా దాన్ని మెచ్చి పైకి తోశారు. ఎవరో తీసుకెళ్లి ఎక్స్‌లో పెడితే అక్కడ మూడున్నర కోట్లసార్లకు పైగా జనం కళ్లబడింది. రాసినవాడు కంపెనీ పేరు చెప్పకపోయినా అందరి వేళ్లూ డోర్‌డ్యాష్, ఉబర్ ఈట్స్‌ల వైపే తిరిగాయి. అది తమ కంపెనీ కాదని డోర్‌డ్యాష్ అధిపతి టోనీ షూ స్వయంగా ప్రకటించాడు. అలాంటి పని ఎవరైనా చేస్తే ఉద్యోగంలోంచి తీసేస్తానన్నాడు. ఎవరు వింటారు? ఏ దొంగ మాత్రం తాను దొంగనని ఒప్పుకుంటాడు అనుకున్నారు జనం.

కేసీ న్యూటన్ అనే పాత్రికేయుడు మాత్రం తిట్టే పని పక్కనపెట్టి అడిగే పని పెట్టుకున్నాడు. టెక్నాలజీ కంపెనీల మీద 'ప్లాట్‌ఫార్మర్' పేరుతో వార్తలు రాస్తుంటాడాయన. ఆ అజ్ఞాత వ్యక్తిని పలకరించి, నువ్వు చెప్పేదానికి రుజువేమిటని అడిగాడు. అవతలివైపు నుంచి రెండు వచ్చాయి. ఒకటి, పేరూ ఫొటో కనిపించకుండా చేసిన ఉబర్ ఈట్స్ ఉద్యోగి గుర్తింపు కార్డు. రెండోది, గ్రాఫులూ సమీకరణాలతో నిండిన 18 పేజీల 'రహస్య' పత్రం. ఎవరికైనా కళ్లు చెదిరే సరంజామానే!

గుర్తింపు కార్డు ఫొటోను న్యూటన్ గూగుల్ వారి జెమినై ముందు పెట్టాడు. గూగుల్ ఏఐతో తయారైన బొమ్మల్లో కంటికి కనిపించని ఓ ముద్ర ఉంటుంది. దాని పేరు సింథ్ఐడీ. బొమ్మను కత్తిరించినా, రంగు మార్చినా అది ఒకపట్టాన పోదు. ఆ ముద్ర ఈ కార్డు మీద దొరికింది! పైగా, ఉబర్ ఈట్స్ పేరుతో తాము ఉద్యోగులకు కార్డులే ఇవ్వమని ఉబర్ తేల్చిచెప్పింది. గట్టిగా నిలదీసేసరికి ఆ అజ్ఞాతవాసి మాయమైపోయాడు.

ఒకప్పుడైతే 18 పేజీల సాంకేతిక పత్రమే ఓ రుజువు కింద లెక్క. ఒక అబద్ధం కోసం అంత శ్రమ ఎవరు పడతారు చెప్పండి? ఇప్పుడా శ్రమ లేదు. టీ చల్లారేలోపు ఏఐ రాసిచ్చేస్తుంది. కాబట్టి వివరాలు ఎన్ని ఉన్నాయన్నది ఇక కొలబద్ద కాదు. వాటిలో ఒక్కటైనా రాసినవాడి ప్రమేయం లేకుండా మనంతట మనం సరిచూసుకోగలమా అన్నదే కొలబద్ద.

తాటిచెట్టు కింద పాలు

అన్ని లక్షలమంది ఎలా నమ్మారన్నది అసలు ప్రశ్న. వాళ్లంతా అమాయకులేం కాదు. తాటిచెట్టు కింద కూర్చుని పాలు తాగినా కల్లు తాగాడనే అంటారు కదా... ఈ కంపెనీలు ఆ చెట్టు కింద నిజంగానే కల్లు తాగి దొరికిపోయిన సందర్భాలున్నాయి మరి.

డోర్‌డ్యాష్ సంగతే చూద్దాం. 2017 మే నుంచి 2019 సెప్టెంబరు దాకా డెలివరీ మనిషికి ఇంత గిట్టుబాటు చేస్తామని ముందే మాటిచ్చేది. ఆర్డరు పెట్టిన గృహిణి మురిపెంగా నాలుగు డాలర్లు టిప్పు ఇస్తే, అది కుర్రాడి చేతికి అదనంగా వెళ్లేది కాదు. కంపెనీ ఇస్తానన్న మొత్తంలోంచి ఆ నాలుగు డాలర్లూ తగ్గిపోయేవి. ఇచ్చినావిడ కుర్రాడికి ఇచ్చాననుకుంది, నిజానికి ఇచ్చింది కంపెనీకి! ఈ వ్యవహారంలో న్యూయార్క్ రాష్ట్ర అటార్నీ జనరల్‌తో రాజీకొచ్చి 2025 ఫిబ్రవరిలో కోటీ 67 లక్షల డాలర్లకు పైగా చెల్లించేందుకు ఆ కంపెనీ ఒప్పుకుంది. అమెజాన్ కూడా తన ఫ్లెక్స్ డ్రైవర్ల టిప్పుల విషయంలో అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ముందు నిలబడి 2021లో 6 కోట్ల 17 లక్షల డాలర్లకు ఒప్పుకోవాల్సి వచ్చింది.

అంటే 2026 నాటి కథ అల్లినవాడు గాలిలోంచి అల్లలేదు. పాత నిజాల నూలు తీసుకుని కొత్త అబద్ధం నేశాడు. అందుకే అంత నప్పింది. వైరల్ అయ్యే ఫిర్యాదులన్నిట్లోనూ అతి ప్రమాదకరమైన రకం ఇదే. మనకు ముందే ఉన్న అనుమానానికి అచ్చం సరిపోయే కొలతలతో వస్తుంది. చదవగానే 'నేనెప్పుడో చెప్పానా లేదా?' అనిపిస్తే, మిగతావాటికన్నా దాన్నే ఇంకాస్త గట్టిగా తట్టి చూడాలి.

ఇలాంటి కట్టుకథతో పెద్ద కంపెనీకి పోయేది నాలుగు రోజుల పరువు. అసలు నష్టం నిజంగా టిప్పు పోగొట్టుకున్న కుర్రాడిది. 'నాన్నా పులి' కథలో పులి చివరికి వచ్చింది. కానీ అప్పటికి వినేవాళ్లు లేరు. రేపు అలాంటి కుర్రాడెవరైనా నోరు విప్పితే, 'ఆ... అప్పుడూ ఇలాగే ఒకడు చెప్పాడు' అని తోసిపుచ్చడానికి కంపెనీలకు ఓ సాకు దొరికింది.

పేరు లేకపోయినా... నిజమే!

అలాగని పేరు చెప్పుకోని ఫిర్యాదులన్నీ బూటకమనుకుంటే అంతకన్నా పొరపాటు ఉండదు. అదే రెడిట్ మీద, 2017 డిసెంబరులో ఇలాంటిదే ఇంకో ఊరూపేరూ లేని ఫిర్యాదు వచ్చింది. ఓ వ్యక్తి తన ఐఫోన్ 6ఎస్ బాగా నెమ్మదించిందని, బ్యాటరీ మార్పించగానే చకచకా పరుగెత్తిందని రాశాడు. తిట్లు లేవు, కన్నీళ్లు లేవు. రెండు అంకెలు మాత్రం పెట్టాడు. ఫోన్ వేగాన్ని కొలిచే గీక్‌బెంచ్ అనే యాప్‌లో బ్యాటరీ మార్చకముందు 1466, మార్చాక 2526!

తేడా అంతా ఈ అంకెల్లోనే ఉంది. నమ్మమని ఆయన ఎవర్నీ బతిమాలలేదు. అదే ఫోను, అదే యాప్ ఉన్న ఎవరైనా ఇంట్లో కూర్చుని పరీక్షించుకోవచ్చు. చాలామంది ఆ పనే చేశారు. ఆ యాప్ తయారుచేసే ప్రైమేట్ ల్యాబ్స్ వ్యవస్థాపకుడు జాన్ పూల్ దగ్గరైతే వేల ఐఫోన్ల ఫలితాలు సిద్ధంగా ఉన్నాయి. ఆయన వాటిని వరసగా పేర్చి చూశాడు. ఫోన్లో సాఫ్ట్‌వేర్ కొత్తదయ్యేకొద్దీ, ఒకచోట ఉండాల్సిన వేగాలు విడిపోయి, మెట్లుమెట్లుగా కిందికి దిగుతున్నాయి. ఫోన్ ముసలిదైతే అలా మెట్లు కట్టినట్టు తగ్గదు. ఎవరో కావాలని తగ్గిస్తేనే తగ్గుతుంది. డిసెంబరు 18న ఆయన ఆ గ్రాఫులు బయటపెట్టాడు. డిసెంబరు 20న యాపిల్ ఒప్పుకుంది. 28న క్షమాపణ చెప్పి, 79 డాలర్ల బ్యాటరీ మార్పిడిని 29 డాలర్లకు దించింది. 2020లో ఫ్రాన్స్ రెండున్నర కోట్ల యూరోల జరిమానా వేసింది. అదే ఏడాది అమెరికాలో వినియోగదారుల కేసు 50 కోట్ల డాలర్ల వరకూ చెల్లించే ఒప్పందంతో ముగిసింది.

ఇంతకీ యాపిల్ ఏమని ఒప్పుకుందన్నది జాగ్రత్తగా చూడాలి. బ్యాటరీ పాతబడితే ఫోన్ ఉన్నట్టుండి ఆరిపోతోందని, అలా ఆరిపోకుండా ఉండటానికే వేగం తగ్గించామని చెప్పింది. జనం నోట నానిన మాట వేరు... కొత్త ఫోన్లు కొనిపించడానికే పాతవాటి గొంతు నులుముతున్నారని! నెమ్మదించడం నిజం. కొన్నవాళ్లకు చెప్పకపోవడం నిజం. ఫ్రాన్స్‌లో జరిమానా పడింది కూడా చెప్పనందుకే. కొత్తవి కొనిపించే ఎత్తుగడ అన్నది మాత్రం జనం చేసిన ఊహ. యాపిల్ దాన్ని ఏనాడూ ఒప్పుకోలేదు.

ఏ ఫిర్యాదునైనా ఇలా మూడు ముక్కలు చేసి చూస్తే సగం చిక్కు విడిపోతుంది. ఏం జరిగింది? ఎందువల్ల జరిగింది? ఏ ఉద్దేశంతో చేశారు? మొదటిది చెప్పడానికి చూసిన కళ్లు చాలు. రెండోదానికి తెలిసిన మెకానిక్కో, ప్రయోగశాలో కావాలి. మూడోది తేలాలంటే కంపెనీ లోపలి కాగితాలు బయటికి రావాలి. వైరల్ అయ్యే పోస్టుల్లో చాలావాటి తంతు ఏమిటంటే... మొదటి ముక్క నిజమై ఉంటుంది, దాని భుజమెక్కి మూడో ముక్క ఊరేగుతుంటుంది.

ఫోన్ మన మాటలు వింటోందా?

ఈ మూడు ముక్కల లెక్కకు అచ్చమైన ఉదాహరణ మనందరి ఇళ్లలోనూ ఉంది. పొద్దున వంటింట్లో మిక్సీ కొందామని అనుకుంటారు. సాయంత్రానికి ఫోన్లో మిక్సీల ప్రకటనలు! ఇంకేముంది, ఫోన్ మైకు తెరిచిపెట్టుకుని మన మాటలు వింటోందని తీర్మానించేస్తారు. ఈ ఫిర్యాదు ఏళ్ల తరబడి ప్రపంచమంతా తిరుగుతూనే ఉంది.

బోస్టన్‌లోని నార్త్ఈస్టర్న్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 17 వేలకు పైగా ఆండ్రాయిడ్ యాప్‌లను పరీక్షించి 2018లో ఫలితాలు చెప్పారు. చాటుగా మైకు తెరిచి మాటలు పంపుతున్న యాప్ ఒక్కటీ దొరకలేదు. అమ్మయ్య అనుకునేలోపు ఇంకో సంగతి దొరికింది. కొన్ని యాప్‌లు తమ తెర మీద వాడకందారు ఏం చేస్తున్నాడో వీడియోలా చిత్రించి బయటి సంస్థలకు పంపుతున్నాయి!

ప్రకటన రావడం నిజమే. దానికి కారణం మైకు కానక్కర్లేదు. మనం వెతికినవి, కొన్నవి, తిరిగిన చోట్లు... వీటితోనే మన అవసరం పసిగట్టే విద్య ఆ కంపెనీలకు బాగానే వచ్చు. ఇక పిలవకపోయినా పిలిచారనుకుని సిరి మేల్కొని మాటలు రికార్డు చేసిందన్న కేసులో యాపిల్, తప్పేమీ ఒప్పుకోకుండానే, 9 కోట్ల 50 లక్షల డాలర్లకు రాజీ కుదుర్చుకున్న సంగతి 2025 జనవరిలో బయటికొచ్చింది. అది వేరే ఫిర్యాదు. రెంటినీ కలిపి 'చూశారా, వింటున్నారని ఒప్పుకున్నారు' అని ప్రచారం చేస్తే రెండూ పలచబడిపోతాయి.

కాలినప్పుడు ఆలస్యం పనికిరాదు

కొన్ని ఫిర్యాదుల దగ్గర ఇంత తీరిక ఉండదు. నిప్పుతో వ్యవహారం అలాంటిది.

శాంసంగ్ గెలాక్సీ నోట్7 మార్కెట్లోకి వచ్చింది 2016 ఆగస్టు 19న. వారం తిరక్కుండానే కాలిపోయిన ఫోన్ల ఫొటోలు రావడం మొదలైంది. సెప్టెంబరు 2న కంపెనీ 25 లక్షల ఫోన్లను వెనక్కి తీసుకుంటానంది. బదులుగా ఇచ్చిన ఫోన్లు భద్రమైనవని చెప్పింది. అక్టోబరు 5న అమెరికాలోని లూయివిల్‌లో బయల్దేరడానికి సిద్ధంగా ఉన్న విమానంలో ఓ ప్రయాణికుడి ఫోన్ పొగలు కక్కింది. అది... బదులుగా ఇచ్చిన ఫోనే! వారంలోపే ఆ మోడల్ తయారీయే ఆపేశారు. రెండు వేర్వేరు కంపెనీల బ్యాటరీల్లో రెండు వేర్వేరు లోపాలున్నాయని 2017 జనవరిలో శాంసంగ్ తేల్చింది.

ఇంత గట్టి నిజం చుట్టూ కూడా తాలు గింజలు చేరాయి. న్యూయార్క్‌లో ఓ పిల్లవాడి చేతిలో పేలింది నోట్7 అని వార్త గుప్పుమంది. తీరా చూస్తే అది అదే కంపెనీవారి వేరే ఫోన్. ఒక్క ఫిర్యాదు తప్పయినంత మాత్రాన మిగతావి కొట్టిపారేయలేం. అన్నీ నిజమైనా ఆ ఒక్కటీ నిజమైపోదు. ఏ గింజకా గింజ చెరగాల్సిందే!

మన దగ్గర విద్యుత్తు స్కూటర్ల సంగతి ఇంకా చేదైనది. 2022 మార్చి నెలాఖరులో పుణె రోడ్డు పక్కన ఆగి ఉన్న ఓలా స్కూటరు తగలబడుతున్న వీడియో దేశమంతా తిరిగింది. కేంద్రం విచారణకు ఆదేశించింది. ఏప్రిల్లో నిజామాబాద్‌లో ఇంట్లో ఛార్జింగ్ పెట్టిన స్కూటరు బ్యాటరీ పేలి 80 ఏళ్ల పెద్దాయన చనిపోయారు. ఆ స్కూటరు తయారుచేసిన హైదరాబాద్ సంస్థ ప్యూర్ ఈవీ 2 వేల వాహనాలను వెనక్కి పిలిచింది. రోజుల తేడాలో విజయవాడలో పడకగదిలో ఛార్జింగ్ పెట్టిన మరో కంపెనీ బ్యాటరీ పేలి ఓ ఇంటి యజమాని ప్రాణం పోయింది. ఆ నెలలోనే ఓలా కూడా 1,441 స్కూటర్లను తనిఖీకి వెనక్కి పిలిచింది.

తగలబడే వీడియో చూసినప్పుడు అది నిజమా కాదా అని తేల్చుకునేదాకా బ్యాటరీని పడకగదిలోనే ఉంచాలని ఎక్కడా లేదు. నమ్మడం వేరు, జాగ్రత్తపడటం వేరు. ఫిర్యాదు అబద్ధమైతే జాగ్రత్తపడినందుకు పోయేదేమిటి? ఛార్జింగ్ వరండాలో పెట్టుకున్న కాస్త ఇబ్బంది! నిజమైతే... మిగిలేది ప్రాణం. పదిమందికి పంపడానికి మాత్రం ఈ లెక్క వర్తించదు. ఏ మోడల్, ఏ ఊరు, ఏ తేదీ అన్న మూడూ లేని వీడియోను పంపితే భయం తప్ప సమాచారం చేరదు.

జవాబునీ జల్లెడ పట్టాలి

ఫిర్యాదును ఇంత నిలదీస్తాం సరే, కంపెనీ ఇచ్చే జవాబును మాత్రం ఎందుకు వదలాలి? నిజానికి చాలాసార్లు గుట్టు అక్కడే దొరుకుతుంది.

2014 సెప్టెంబరులో ఐఫోన్ 6 ప్లస్ జేబులో పెట్టుకుంటే వంగిపోతోందని గోల మొదలైంది. చేత్తో వంచి చూపిస్తున్న వీడియోలు కోట్లమంది చూశారు. తొలి ఆరు రోజుల్లో తమకు ఫిర్యాదు చేసినవాళ్లు తొమ్మిదిమందేనని యాపిల్ ప్రకటించింది. వినడానికి ఎంత చిన్న అంకె! అబద్ధమని కూడా ఎవరూ రుజువు చేయలేదు. కానీ అడగాల్సిన ప్రశ్న ఎంతమంది ఫిర్యాదు చేశారన్నది కాదు... ఫోన్ వంగుతుందా లేదా అన్నది. దానికి జవాబు 2018లో ఓ కోర్టు కేసులో బయటపడింది. పాత 5ఎస్‌తో పోలిస్తే ఐఫోన్ 6 వంగే అవకాశం 3.3 రెట్లు, 6 ప్లస్ అయితే 7.2 రెట్లు ఎక్కువని యాపిల్ సొంత పరీక్షల్లోనే తేలిందట! అడిగినదానికి కాకుండా అడగనిదానికి జవాబిస్తే, అంకె ఎంత కచ్చితంగా ఉన్నా అనుమానించాల్సిందే.

2024 అక్టోబరులో హాస్యనటుడు కునాల్ కామ్రా ఓలా సర్వీసు కేంద్రం ముందు దుమ్ముకొట్టుకుపోతున్న స్కూటర్ల ఫొటో పెట్టి, వినియోగదారుల గోడు వినేవాళ్లున్నారా అని అడిగాడు. ఓలా అధిపతి భవీశ్ అగర్వాల్ స్కూటర్ల గురించి చెప్పడానికి బదులు కామ్రా డబ్బు తీసుకుని రాస్తున్నాడని, ఆయన హాస్యం ఆడలేదని ఎద్దేవా చేశాడు. ఇద్దరి మాటల యుద్ధం జనానికి మంచి కాలక్షేపమైంది కానీ, తేల్చింది మాత్రం వాళ్లిద్దరూ కాదు. 2023 సెప్టెంబరు నుంచి 2024 ఆగస్టు దాకా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఓలా మీద 10,644 ఫిర్యాదులు వచ్చాయి. వాటిని ఆధారం చేసుకుని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ నోటీసు ఇచ్చింది. వాటిలో 99.1 శాతం పరిష్కరించామని ఓలా చెప్పుకుంది. ప్రాధికార సంస్థ ఆ మాటతో సరిపెట్టుకోకుండా మరింత లోతుగా విచారణకు ఆదేశించింది. పరిష్కారమైందని ఎవరు చెప్పాలి... బాగుచేసినవాడా, బండి నడిపేవాడా?

ఫిర్యాదు చేసినవాడి మీద విరుచుకుపడే జవాబు, ఫిర్యాదుకు జవాబు కాదు. అలాగని మర్యాదగా 'మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం, వివరాలు పంపండి' అన్నా ఒరిగేదేమీ లేదు. ఆ వాక్యాన్ని చాలా కంపెనీల్లో మనిషి కూడా రాయడం లేదు.

కోపం ఒకరిమీద... దెబ్బ ఇంకొకరికి

2017 ఏప్రిల్. స్నాప్‌చాట్ అధిపతి ఇవాన్ స్పీగెల్, భారత్‌లాంటి పేద దేశాలకు తన యాప్‌ను తీసుకెళ్లే ఆలోచన లేదన్నాడని ఓ మాజీ ఉద్యోగి కోర్టు కాగితాల్లో ఆరోపించాడు. కంపెనీ కాదంది. మనవాళ్లకు పౌరుషం పొంగుకొచ్చింది. యాప్‌కు ఒక్కో చుక్క రేటింగులిచ్చి దుమ్మెత్తిపోశారు. అంతటితో ఆగలేదు... పేరు కాస్త దగ్గరగా ఉన్న పాపానికి, ఏ సంబంధమూ లేని మన దేశపు స్నాప్‌డీల్‌ను కూడా ఫోన్లలోంచి తీసేసి, దానికీ ఒక్క చుక్కే ఇచ్చారు! నవ్వొస్తుంది కానీ, ఆ పేరు చదవడానికి పట్టే క్షణం కూడా కోపం ఆగలేదన్నమాట. అసలు ఆరోపణ నిజమో కాదో అనేది ఆ తర్వాతి సంగతి.

ఆ కోపం అద్దెకూ దొరుకుతుంది. తైవాన్‌లో హెచ్‌టీసీ ఫోన్ల మీద చెడు వ్యాఖ్యలు రాయించడానికి శాంసంగ్ మనుషుల్ని పెట్టిందని తేలి, 2013లో అక్కడి వాణిజ్య కమిషన్ కోటి తైవాన్ డాలర్ల జరిమానా విధించింది. మామూలు వాడకందారుల్లా నటిస్తూ రాసిన ఫిర్యాదులవి. మన దేశంలోనూ దొంగ రివ్యూల బెడద ఎక్కువై, ఆన్‌లైన్ సమీక్షలు ఎలా సేకరించాలో చెబుతూ భారత ప్రమాణాల సంస్థ 2022లో ఐఎస్ 19000 పేరుతో ఓ ప్రమాణాన్నే తెచ్చింది.

అద్దె గోడుకీ అసలు గోడుకీ ఒక చిన్న తేడా కనిపెట్టొచ్చు. నిజంగా ఇబ్బందిపడ్డ మనిషి కథ నున్నగా ఉండదు. 'మొదటిసారి బాగానే చేశారు, రెండోసారి వచ్చినవాడికి పని తెలియలేదు, బిల్లు ఎక్కడో పెట్టి మర్చిపోయా' అంటూ తనకు అనుకూలం కానివి కూడా దొర్లుతుంటాయి. చివర్లో ఫలానా కంపెనీది కొనుక్కోండని సలహా ఇవ్వాలన్న ధ్యాస ఉండదు. తన డబ్బు తనకు రావాలన్నదే ధ్యాస. నాలుగు రోజుల తర్వాత వెళ్లి చూస్తే కింద ఎవరో అడిగినదానికి జవాబిచ్చి ఉంటాడు, లేదా సమస్య తీరిందని రాసి ఉంటాడు. ఊహించి అల్లినవాడు రెండోరోజు కనపడడు. ఇది ప్రతిసారీ పనిచేసే మంత్రమేమీ కాదు, ఏఐ ఈ తడబాటును కూడా నేర్చుకుంటోంది. కానీ ఇప్పటికీ చాలావరకు పనికొస్తుంది.

మన గోడు మనమే చెప్పుకోవాల్సి వస్తే...

ఈ లెక్కలన్నీ మనకూ వర్తిస్తాయి. వేలు పోసి కొన్న టీవీ నెలకే మొరాయించిందనుకుందాం. 'దొంగ కంపెనీ, ఎవరూ కొనకండి' అని రాస్తే పదిమంది జాలిపడతారు, పదకొండోవాడు అనుమానిస్తాడు. మోడల్ పేరు, కొన్న తేదీ, ఏ రోజు ఏం చెడింది, సర్వీసువాళ్లు ఎన్నిసార్లు వచ్చారు, ఏమన్నారు... ఇవి రాస్తే చాలు, తిట్టక్కర్లేదు. మెకానిక్ వచ్చి వెళ్లినప్పుడు ఇచ్చే చీటీని పారేయకండి. కొత్త వస్తువు పెట్టె తెరిచేటప్పుడు ఆపకుండా తీసిన వీడియో ఒకటి ఉంటే, 'లోపల సబ్బుబిళ్ల వచ్చింది' అన్న మాటకు బలం వస్తుంది.

పోస్టు పెట్టడంతో పని అయిపోయిందనుకోవద్దు. ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం కంపెనీ ఫిర్యాదుల అధికారి 48 గంటల్లో మన ఫిర్యాదు అందిందని చెప్పాలి, నెలరోజుల్లో పరిష్కరించాలి. లేదంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయొచ్చు. అక్కడా తెగకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. వస్తువుకు చెల్లించింది 5 లక్షల రూపాయల లోపైతే కేసు వేయడానికి రుసుము కూడా లేదు. 2025 నుంచి ఈ-జాగృతి పోర్టల్ ద్వారా ఇంటి నుంచే వేసుకోవచ్చు. గడువు మాత్రం రెండేళ్లు. లక్షమంది మెచ్చిన పోస్టు కన్నా 1915 ఇచ్చిన ఫిర్యాదు సంఖ్యకే విలువెక్కువ. ఓలా విషయంలో కదలిక తెచ్చింది కూడా అలా నమోదైన ఫిర్యాదులే.

ఇంకో ప్రమాదం పొంచి ఉంటుంది. కంపెనీ పేరు తగిలించి ఎక్స్‌లోనో ఫేస్‌బుక్‌లోనో గోడు వెళ్లబోసుకున్న కాసేపటికే 'కస్టమర్ కేర్' నుంచి మర్యాదగా ఫోనో సందేశమో వస్తుంది. పేరు, ముద్ర అన్నీ అసలు కంపెనీవే. డబ్బు వాపసు ఇస్తామంటారు, ఓ లింకు పంపుతారు, ఫోన్లో ఫలానా యాప్ వేసుకోమంటారు, ఓటీపీ చెప్పమంటారు. ఇలా కంపెనీల మీద వచ్చే ఫిర్యాదులను రోజంతా వెతుకుతూ కూర్చునే ముఠాలున్నాయి. కోపంలో ఉన్నవాడు త్వరగా చిక్కుతాడని వాళ్లకు తెలుసు. కాబట్టి పోస్టులో ఫోన్ నంబరు, ఆర్డరు నంబరు, బిల్లు ఫొటో పెట్టకూడదు. కంపెనీ నంబరు కావాలంటే గూగుల్‌లో వెతక్కుండా ఆ యాప్‌లోంచో బిల్లు మీద నుంచో తీసుకోవాలి. వాపసు ఇచ్చేవాడికి మన ఓటీపీతో పనుండదు. ఒకవేళ డబ్బు పోయిందా... బ్యాంకు తెరిచేదాకా ఆగకుండా ఆ నిమిషమే 1930కు ఫోన్ చేయాలి.